పూత మీద బేరం

మామిడితోటల బేరం సంగతి మీలో చాలామందికి తెలిసే వుంటుంది. కొందరు కాయ దిగాక గంపల లెక్కన కొంటారు. కొందరు పూత చూసి తోట మొత్తానికి ధర కట్టేస్తారు. మంచు పట్టి పూత మాడిపోయినా, గాలివానకు పిందె రాలిపోయినా నష్టం కొన్నవాడిది. విరగకాస్తే లాభమూ వాడిదే. ఈ బేరాల్లో మేడలు కట్టినవాళ్ళూ వున్నారు, వున్న మేడ అమ్ముకున్నవాళ్ళూ వున్నారు.

ఇదే బేరం మనుషుల మీద, అదీ 17, 18 ఏళ్ళ మగపిల్లల మీద, ఏటేటా బహిరంగంగా జరిగే దేశం ఒకటుంది. అది ఆస్ట్రేలియా.

మా అమ్మాయి కాపురం మెల్‌బోర్న్‌లో. ఒక ఏడు అక్టోబరు నెలంతా అక్కడ వున్నాను. ఫుట్‌బాల్ సీజను సెప్టెంబరుతోనే అయిపోయింది. అయినా పేపరు తెరిస్తే అదే, టీవీ పెడితే అదే. ఆట లేనప్పుడు ఈ గోలేమిటని అడిగితే మా అల్లుడు, "ఇది బేరాల నెల, అత్తయ్యగారూ" అన్నాడు. ఇక తీగ లాగాను, డొంకంతా కదిలింది.

ఆట గురించి రెండు ముక్కలు. దీన్ని ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ అంటారు. 1859లో మెల్‌బోర్న్‌లో నియమాలు రాసుకున్నారు. బంతి కోడిగుడ్డు ఆకారం, మైదానమూ కోడిగుడ్డు ఆకారమే. జట్టుకు 18 మంది. బంతిని తన్నవచ్చు, పిడికిలితో కొట్టవచ్చు, పట్టుకుని పరిగెత్తవచ్చు. ఆడవాళ్ళు మొదటినుంచీ మైదానానికి వెళ్ళి గొంతు చించుకుని అరిచే ఆట ఇది. 2017 నుంచి ఆడపిల్లలకూ జాతీయ లీగు వచ్చింది లెండి.

1897లో విక్టోరియా రాష్ట్రపు లీగు పోటీలు మొదలయ్యాయి. తరువాత చాలాకాలం ఏ పేట కుర్రవాడు ఆ పేట జట్టుకే ఆడాలన్నది కట్టుబాటు. జట్టు మారాలంటే పాత జట్టు అనుమతి ఇవ్వాలి. 1972లో, పదేళ్ళు ఆడినవాడు ఇష్టమొచ్చిన చోటికి పోవచ్చని ఒక నియమం పెట్టారు. నార్త్ మెల్‌బోర్న్ వాళ్ళు వెంటనే పేరుమోసిన ముగ్గురిని తన్నుకుపోయారు. మరుసటి ఏడే ఆ నియమం ఎత్తేశారు! 1975లో నార్త్ మెల్‌బోర్న్ తన మొదటి కప్పు గెలిచింది. 1982లో సౌత్ మెల్‌బోర్న్ జట్టు మూటాముల్లె సర్దుకుని సిడ్నీకి మారింది. సిల్వియో ఫాస్కినీ అనే కుర్రవాడు నేను సిడ్నీలో వుండను, సెయింట్ కిల్డాకు ఆడతానన్నాడు. లీగు కాదంది. 1983లో విక్టోరియా సుప్రీంకోర్టు కుర్రవాడి పక్షానే తీర్పు చెప్పింది. మనిషి బతుకుతెరువుకు ఇలా అడ్డుకట్ట వేయడం న్యాయం కాదంది. పాత కట్టుబాట్లు అలా సడలిపోయాక, 1986లో కొత్త పద్ధతి వచ్చింది. దాని పేరు డ్రాఫ్టు.

మనం చీటీలు వేసుకుంటామే, ఇంచుమించు ఆ పద్ధతే. కొత్త కుర్రవాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. ఆ ఏడు అందరికన్నా అడుగున పడ్డ జట్టుది మొదటి వంతు. కప్పు గెలిచినవాళ్ళది ఆఖరు. అందరిదీ అయ్యాక మళ్ళీ రెండో చుట్టు. బలహీనుడికి ముందు వడ్డించడమన్నమాట. మన ఐ.పి.ఎల్. వేలంలో డబ్బు పాడుకుంటారు. ఇక్కడ వంతే డబ్బు. "నా మొదటి వంతు నువ్వు తీసుకో, నీ దగ్గరున్న ఆ పేరున్న ఆటగాణ్ణి నాకివ్వు" అనవచ్చు. అదే అక్టోబరు బేరం.

ఈ బేరంలో నాకు తట్టిన విశేషం ఒకటి చెప్పాలి. ఒప్పందంలో వున్న పేరున్న ఆటగాణ్ణి, అతను ఊఁ అంటేనే పంపగలరు. కొత్త కుర్రవాడికి ఆ మాట కూడా లేదు. ఏ జట్టు పేరు పిలిస్తే ఆ ఊరు వెళ్ళాలి. అడగకుండానే ఊరు నిర్ణయమైపోవడం మనకు వింత కాదనుకోండి. పెళ్ళిచూపుల్లో తలవంచుకు కూర్చున్న మన అమ్మమ్మలకు ఏ ఊరు రాసిపెట్టి వుందో ఎవరడిగారు గనక?

అన్నిటికన్నా ఎక్కువగా చెప్పుకునే బేరం 2001 నాటిది. ఫ్రీమాంటిల్ అని, పడమటి తీరాన హిందూ మహాసముద్రం ఒడ్డున ఒక జట్టు. లీగులోకి వచ్చింది 1995లో. 2001లో అది గెలిచినవి రెండే రెండు ఆటలు. కనుక మొదటి వంతు దానిదే. కాని అభిమానులు విసిగిపోయి వున్నారు. ఎప్పుడో ఎదిగే పిల్లవాడికోసం ఎదురుచూసే ఓపిక ఎవరికీ లేదు. ఇక మెల్‌బోర్న్‌లోని హాథార్న్ జట్టు ఆ ఏడు ఫైనలుకు ఒక్క మెట్టు దిగువన ఆగిపోయింది. ఫ్రీమాంటిల్ తన మొదటి వంతు, 20వ వంతు, 36వ వంతు హాథార్న్‌కు ఇచ్చేసింది. బదులుగా ట్రెంట్ క్రోడ్ అనే 21 ఏళ్ళ పొడగరినీ, ల్యూక్ మెక్‌ఫార్లిన్ అనే ఇంకా 20 నిండని కుర్రవాణ్ణీ తెచ్చుకుంది. మెక్‌ఫార్లిన్‌ది ఆ పడమటి రాష్ట్రమే, ఇంటికి వచ్చినట్టయింది.

హాథార్న్ మొదటి వంతున తీసుకున్నది కోలాక్ అనే చిన్న ఊరి కుర్రవాడు ల్యూక్ హాడ్జ్. వయసు 17. ఆ బేరమే జరగకుండా ఫ్రీమాంటిల్ అతన్నే ఎంచుకుని వుంటే, బడి వయసు పిల్లవాడు ఇంటికి సుమారు 2,600 కిలోమీటర్ల దూరం పోవలసినవాడు. ఎవరో ఇద్దరు పెద్దమనుషులు బల్ల దగ్గర కూర్చుని సంతకాలు చేసుకుంటే, ఒక తల్లికి కొడుకు అందుబాటులో మిగిలాడు. 20వ వంతున వచ్చిన కుర్రవాడు పెద్దగా రాణించలేదు. 36వ వంతున వచ్చినవాడు శామ్ మిచెల్. పొట్టి, పరుగు తక్కువ అని అంతకుముందు ఏడు అతన్ని ఏ జట్టూ తీసుకోలేదు.

ఫ్రీమాంటిల్‌లో క్రోడ్ వున్నది రెండేళ్ళే. 2003 చివర తిరిగి హాథార్న్‌కే వచ్చేశాడు. 2008లో హాథార్న్ 17 ఏళ్ళ తరువాత కప్పు గెలిచింది. అప్పుడు కెప్టెన్ ఎవరనుకున్నారు? ఎవరికీ అక్కరలేని ఆ మిచెల్! ఫైనల్లో ఉత్తమ ఆటగాడు హాడ్జ్. క్రోడ్ కూడా ఆ జట్టులోనే వున్నాడు, పాపం. ఆ ఫైనల్లోనే పాదం ఎముక విరిగింది. మళ్ళీ మైదానంలో అడుగుపెట్టలేదు.

ఇంతవరకు విని, ఫ్రీమాంటిల్ వాళ్ళు వెర్రివాళ్ళని తేల్చేస్తారు అందరూ. నాకు అంత తొందర లేదు. మెక్‌ఫార్లిన్ 2015 దాకా అక్కడే వుండి 240కి పైగా ఆటలు ఆడాడు. 2012లో దేశపు ఉత్తమ జట్టులో చోటు సంపాదించాడు. అలాంటి మనిషి ఏ ఇంటికైనా వెలుగే. 2013లో ఫ్రీమాంటిల్ మొదటిసారి ఫైనలుకు వచ్చింది. ఎదుట ఎవరు? హాథార్న్. ఇటు మెక్‌ఫార్లిన్, అటు హాడ్జ్, మిచెల్. హాథార్న్ 77, ఫ్రీమాంటిల్ 62. కప్పు అందుకున్న కెప్టెన్ హాడ్జ్. ఆపైన 2014, 2015 కప్పులూ అతని చేతికే వచ్చాయి. పన్నెండేళ్ళ నాటి బేరం లెక్క అలా ఒక్క మైదానంలో, లక్షమంది ఎదుట తేలింది. అయినా తేలిందని ఎలా అనగలం? ఆ వంతుతో హాడ్జ్‌నే తీసుకునేవారని గాని, తీసుకున్నా అతను పడమటి గడ్డ మీద ఇలాగే కాసేవాడని గాని ఎవరు చెప్పగలరు?

2007లో ఇంకో బేరం. క్రిస్ జడ్ అనేవాడు 2006లో కప్పు గెలిచిన వెస్ట్‌కోస్ట్ జట్టు కెప్టెన్. సొంత ఊరు మెల్‌బోర్న్ వెళ్ళిపోతానన్నాడు. కార్ల్‌టన్ జట్టు అతని కోసం 3వ వంతూ, 20వ వంతూ, పైన జోష్ కెనడీ అనే 20 ఏళ్ళ కుర్రవాణ్ణీ ఇచ్చింది. జడ్ 2010లో లీగులో ఉత్తమ ఆటగాడి పతకం గెలిచాడు గాని, కార్ల్‌టన్‌కు కప్పు తేలేకపోయాడు. కొసరుగా ఇచ్చిన కెనడీ మాత్రం వెస్ట్‌కోస్ట్ చరిత్రలోకెల్లా ఎక్కువ గోల్స్ చేసి, 2018లో కప్పు కూడా ఎత్తాడు. కూరగాయలవాడు కొసరు వేసిన కరివేపాకే కూరకు రుచి తెచ్చినట్టు!

2015 నుంచి మరో ముచ్చట. రాబోయే ఏటి వంతును కూడా ముందే ఇచ్చేయవచ్చు. అంటే అది ఎన్నో వంతు అవుతుందో తెలియదు, దానికి వచ్చే కుర్రవాడెవరో అసలే తెలియదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఇంతకీ మిచెల్ ఏమయ్యాడంటారా? 2016 చివర, 34 ఏళ్ళ వయసులో, హాథార్న్ అతన్ని వెస్ట్‌కోస్ట్‌కు ఇచ్చేసింది. బదులు పుచ్చుకున్నవి ఎక్కడో చివరి చుట్లలోని వంతులు. 36వ వంతున వచ్చి, జట్టును ఏలి, అంతకన్నా వెనకటి వంతులకు మారిపోయాడు. పోయినవాడు తిరిగి వచ్చి 2022 నుంచి అదే హాథార్న్‌కు శిక్షకుడయ్యాడు. 2024 అక్టోబరులో అతని జట్టు వెస్ట్‌కోస్ట్ నుంచి టామ్ బారస్ అనే 29 ఏళ్ళ ఆటగాణ్ణి తెచ్చుకుంది. అందుకు ఇచ్చినవి మరుసటి ఏటి వంతులు. ఆ వంతులకు వెళ్ళవలసిన పిల్లలు అప్పటికింకా బడి కూడా పూర్తి చేయలేదు.