చేతి గాయాల శస్త్రచికిత్సలో ముందస్తు యాంటీబయాటిక్: కదిరి నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

ఆధునిక వైద్యచరిత్రపై తెలుగులో వచ్చిన రచనలు ఔషధాలను కనుగొన్నవారికి ఇచ్చిన చోటు ఔషధ వినియోగానికి ఇవ్వలేదు. యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. 1948లో అది లోకానికి వెల్లడైంది. అదే ఏడాది సుబ్బారావు మరణించారు. ఇదంతా మనకు తెలిసిన కథే. అయితే అటువంటి మందును ఏ గాయానికి, ఏ ఘడియలో, ఎన్నాళ్లు ఇవ్వాలన్న ప్రశ్నకూ ఒక చరిత్ర ఉంది. కదిరి మెట్టభూముల్లో ఒక కూలీ చేయి దక్కడం ఆ రెండో చరిత్రపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.

యాంటీబయాటిక్‌లు రాకముందు చేతిని కాపాడింది శరీరనిర్మాణ జ్ఞానం. షికాగో శస్త్రవైద్యుడు అలెన్ కనవెల్ 1912లో వెలువరించిన గ్రంథం, చేతిలో చీము స్నాయువుల తొడుగుల వెంట ఎలా పాకుతుందో, కత్తిగాటు ఎక్కడ పెట్టాలో వివరించింది. తొడుగులో చీము చేరితే వేలు నిలిచినా వంగదు. వంగని వేలితో కొడవలి పట్టడం కష్టం.

1961లో జాన్ బర్క్ గినీ పందులపై చేసిన ప్రయోగం ఈ చరిత్రలో అసలు మలుపు. సూక్ష్మజీవి కణజాలంలో చేరకముందో, చేరిన మూడు గంటలలోపో మందు అందితేనే ఫలితం కనిపించింది. ఆ తరువాత ఇచ్చిన మందు ఇవ్వనిదానితో సమానమైంది. ఇక్కడ 'ముందస్తు' అన్న పదాన్నే ప్రశ్నించవలసి ఉంది. ముందే నిర్ణయించిన శస్త్రచికిత్సలో గాటుకు ముందు మందు ఇవ్వవచ్చు. యంత్రంలో నలిగిన చేతిలోకి మట్టి, పేడ, పొట్టు గాయంతోపాటే ప్రవేశిస్తాయి. కాబట్టి ఆ గాయం విషయంలో మనం ముందస్తు అంటున్నది నిజానికి ఆలస్యంతో పందెమే.

ఎముక విరిగి బయటపడిన గాయాలపై 1974లో పట్జాకిస్ బృందం ప్రకటించిన ఫలితాలు మందు పక్షాన నిలిచాయి. మందు లేనివారిలో 13.9 శాతం, పెన్సిలిన్–స్ట్రెప్టోమైసిన్ పొందినవారిలో 9.7 శాతం, సెఫలోథిన్ పొందినవారిలో 2.3 శాతం గాయాలు చీము పట్టాయి. వేలికొన ఎముక విరిగిన గాయాలపై 2003లో బ్రిటన్‌లో స్టీవెన్‌సన్ బృందం ప్రకటించిన పరిశీలన దీనికి భిన్నం. గాయాన్ని శ్రద్ధగా కడిగి శుభ్రం చేసినచోట మందుకూ ఉత్తుత్తి మాత్రకూ చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఈ రెండింటినీ పరస్పర విరుద్ధాలుగా చదవడం సరికాదు. గాయం తీవ్రత, కడగడంలో శ్రద్ధ వేరైనప్పుడు మందు పాత్రా వేరవుతుంది.

1910లో కడప జిల్లా నుండి అనంతపురంలో కలిసి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన కదిరి వేరుశనగ నేల. ఇక్కడి పరిశోధనా కేంద్రం పేరుమీదుగానే కదిరి 6, కదిరి 9 విత్తనాలు ప్రసిద్ధమయ్యాయి. విత్తన చరిత్ర రాసుకున్నాం. యంత్రాలలో పడిన చేతుల చరిత్ర రాసుకోలేదు. 1983 నాటి ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం నూర్పిడి యంత్రాలనే ప్రధానంగా ఎంచుకొని, గాయపడినవారికి పరిహారాన్ని నిర్దేశించింది. అయితే పరిహారం గడియారాన్ని వెనక్కి తిప్పలేదు. అందుచేత 2005లో మొదలైన 108 వాహనాన్ని, 2007 ఏప్రిల్‌లో అనంతపురంతోసహా మూడు జిల్లాల్లో ఆరంభమైన ఆరోగ్యశ్రీని యాంటీబయాటిక్ చరిత్రలో భాగంగానే చదవాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ముదిగుబ్బ, బత్తలపల్లి మీదుగా అనంతపురం చేరే దారి నిడివికి బర్క్ చెప్పిన మూడు గంటలతో నేరుగా సంబంధం ఉంది.

ఎన్నాళ్లు వాడాలన్నది మిగిలిన ప్రశ్న. శస్త్రచికిత్స ముగిశాక నివారణ పేరిట మందును పొడిగించవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో సూచించింది. అయినా అయిదు రోజుల మాత్రల చీటీ మన ప్రాంతంలో పోలేదు. దీనిని వైద్యుని అజ్ఞానంగా కొట్టివేయలేం. కట్టు మార్చుకోవడానికి కూలి మానుకొని మళ్లీ ఎప్పుడు వస్తాడో తెలియని రోగికి, రాలేని ఆ రెండో రాకకు బదులుగా ఆ చీటీ చేతికి అందుతోంది.