చిల్లుల అట్ట, విలువల జాబితా

కర్నూలు జిల్లా పడమటి భాగమున, ఆదోని, ఎమ్మిగనూరుల పరిసరములలో పెద్దకడుబూరు కలదు. ఆదోని ప్రత్తి వ్యాపారమునకు పేరొందిన పట్టణము. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో నేతపనివారి సహకార సంఘమును నెలకొల్పెను. ఈ సీమ విద్యార్థి ఎరిగిన మగ్గమే, కంప్యూటరుకు సంబంధించిన ఒక ముఖ్యవిషయమును తెలిసికొనుటకు చక్కని సాధనము.

బట్టలో పడుగు నిలువుగను, పేక అడ్డముగను పోవును. పువ్వు తేలవలెనన్న ప్రతి పేకకును ఏ పోగులు లేవవలెనో, ఏవి దిగియుండవలెనో నిర్ణయింపవలెను. ఫ్రాన్సులోని లియాన్ నగరమున పూర్వము పట్టుమగ్గముల వద్ద ఒక సహాయకుడు త్రాళ్ళు లాగి ఈ పని చేసెడివాడు. అతడు పొరబడిన పువ్వు చెడిపోయెడిది. 1725లో బసీల్ బుషోన్ చిల్లుల కాగితపుచుట్టను, 1728లో ఫాల్కోన్ వరుసగా కూర్చిన అట్టలను ఉపయోగించిరి. 1804లో జోసెఫ్ మారీ జకార్డు ఈ పద్ధతిని చక్కదిద్ది తన మగ్గమును రూపొందించెను.

జకార్డు అట్టలో చిల్లున్నచోట సూది దూరిపోవును, దాని కొక్కెము పోగును లేపును. చిల్లు లేనిచోట సూది వెనుకకు నెట్టబడును, పోగు క్రిందనే నిలుచును. ఒక పేకకు ఒక అట్ట. కనుక ప్రతి అట్టయు ‘లేపుము, విడువుము’ అను విలువల జాబితాయే. పువ్వు మార్చుటకు మగ్గమును విప్పనక్కరలేదు; అట్టలు మార్చిన చాలును.

అయితే ఇట్లు రూపమును, యంత్రమును వేరుచేసినప్పుడు రెంటి నడుమ ఒక ఒడంబడిక కావలెను. ‘ఇది నూరవ పోగు’ అని అట్టపై వ్రాసియుండదు. చిల్లుయొక్క స్థానమే దాని పేరు. స్థానము తప్పిన అర్థము తప్పును.

1890 నాటి అమెరికా జనాభా లెక్కలలో హెర్మన్ హోలరిత్ యంత్రములు ఇట్టి అట్టలనే చదివెను. అందు చిల్లు పోగును గాక, మనిషి వయస్సు, వృత్తి మొదలగు వివరములను తెలిపెను. 1928లో ఐ.బి.ఎమ్. సంస్థ 80 నిలువువరుసల అట్టను ప్రవేశపెట్టెను.

నేడు తెరపై కనబడు రూపమును ఒక గుర్తుల భాషలో వ్రాయుదురు. పనిచేయు ప్రోగ్రామును వేరుగా యంత్రభాషలోనికి మార్చి ఉంచుదురు. మైక్రోసాఫ్ట్ 2006లో విడుదల చేసిన సాధనములోని ‘జామెల్’ అట్టి గుర్తుల భాషయే. అందు త్రిభుజము గీయుటకు ‘0,0 50,100 100,0’ అని మూడు బిందువులు వ్రాసిన చాలును. ఆ వ్రాత కేవలము అక్షరముల వరుస. దానిని అంకెల జంటలుగా మార్చి ప్రోగ్రామున కందించుటకు నడుమ ఒక మార్పిడి విధానము కలదు. ఫ్రెంచివారు రెండున్నరను ‘2,5’ అని వ్రాయుదురు. అట్లు చదివినచో ఒక జంట ఒకే సంఖ్య యగును. కావున కంప్యూటరు ఏ దేశమున నున్నను, ఈ జాబితాను ఒకే నియమముతో చదువునట్లు ఏర్పాటు చేసిరి.

ఇందు ఒక అంకె తగ్గినచో జంట కుదరదు. ప్రోగ్రాము దోషమని తెలుపును. కాని ‘50,100’ బదులు ‘100,50’ అని వ్రాసినచో ఏ దోషమును కనబడదు, వేరొక త్రిభుజము మాత్రము గీయబడును. లెక్క తప్పినచో యంత్రము పట్టుకొనగలదు. వరుస తప్పినచో పట్టుకొనవలసినది మనిషి కన్నే. అట్టలు తారుమారైనను మగ్గము ఆగదు, నేయుచునే పోవును. అందుకే నేతగాడు క్రొత్త అట్టలు కట్టిన పిమ్మట మొదటి జానెడు బట్టను పరీక్షించి చూచును.