పాప పొట్ట మీద పసుపు ముక్కోణం

ఈ రోజు ఎపిసోడ్ హాస్పిటల్లో మా అమ్మ అడిగిన ఒక ప్రశ్నతో మొదలవుతుంది.

మా అక్కకి పాప పుట్టింది. మూడో రోజుకి ఒళ్ళంతా పచ్చబడింది. కామెర్లు అన్నారు, నీలం లైట్ కింద పెట్టారు. కళ్ళకి గంతలు, ఒంటి మీద డైపర్ ఒక్కటే. కొన్ని గంటలకోసారి నర్స్ వచ్చి మడమ మీద సూదితో గుచ్చి రక్తం తీసుకెళ్ళేది. పాప గుక్కపట్టి ఏడ్చేది. రెండోసారికి అమ్మ ఉండబట్టలేక అడిగేసింది: "సిస్టర్, నిన్న నుదుటి మీద మిషన్ ఆనించి చూశారు కదా, ఇప్పుడు కూడా దాంతోనే చూడొచ్చుగా?" ఆవిడ ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయింది: "లైట్ కింద పెట్టాక చర్మం నిజం చెప్పదమ్మా."

ఆ మాట నన్ను వదల్లేదు. వెతుక్కుంటూ పోతే 1956 నాటి ఇంగ్లాండ్‌లో తేలాను.

ఎసెక్స్‌లో రోచ్‌ఫర్డ్ జనరల్ హాస్పిటల్. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల వార్డు బాధ్యత సిస్టర్ జీన్ వార్డ్‌ది. ఎండా గాలీ పిల్లలకి మంచిదని ఆమె నమ్మకం. ఎండ కాసిన రోజున పిల్లల్ని బయటికి తీసుకెళ్ళేది, పెద్ద డాక్టర్ రౌండ్స్‌కి వచ్చేలోపు లోపలికి తెచ్చేసేది. ఒకరోజు రౌండ్స్‌లో కొంచెం బెరుగ్గానే ఒక పాపని చూపించింది. ఒళ్ళంతా లేత పసుపు, పొట్ట మీద మాత్రం ఒక ముక్కోణం చిక్కటి పసుపు. డాక్టర్ డాబ్స్ అక్కడ ఏదో మందు పూశారేమో అనుకున్నారు. కాదు. ఎండలో ఉన్నప్పుడు దుప్పటి మూల ఆ ముక్కోణాన్ని కప్పి ఉంచింది. అక్కడ రంగు పెరగలేదు, మిగతా ఒళ్ళంతా రంగు తగ్గింది.

ఆ రోజు దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని వారాల తర్వాత కామెర్లు బాగా ఉన్న ఇంకో బిడ్డ రక్తం ట్యూబ్ కిటికీ దగ్గర ఎండలో ఉండిపోయింది. పరీక్ష చేస్తే బిలిరుబిన్ అనుకున్న దానికన్నా చాలా తక్కువ! అప్పుడు వెలిగింది. క్రీమర్, పెరీమన్, రిచర్డ్స్ అనే ముగ్గురు కలిసి నీలం ట్యూబ్‌లైట్లతో పరీక్షించి, 1958లో 'లాన్సెట్' పత్రికలో ప్రచురించారు. అప్పటిదాకా కామెర్లు ముదిరితే బిడ్డ రక్తం కొంచెం కొంచెంగా తీసి వేరే రక్తం ఎక్కించడమే దారి.

ఇంతకీ లైట్ ఏం చేస్తుంది? ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. పసిబిడ్డ లివర్ ఇంకా దాన్ని పూర్తిగా బయటికి పంపలేదు. నీలం వెలుగు తగిలితే బిలిరుబిన్ అణువు ఆకారం మారి, పైత్యరసంలోనూ మూత్రంలోనూ బయటికి పోతుంది. ఈ పని మొదలయ్యేది చర్మం దగ్గర. అంటే చర్మం ముందు తేటపడుతుంది, రక్తంలో మాత్రం ఇంకా ఎక్కువే ఉండొచ్చు.

ఇక అమ్మ అడిగిన మిషన్ సంగతి. 1980లో జపాన్‌లో యమనౌచి బృందం మినోల్టా కంపెనీ మీటర్‌తో చేసిన పరీక్షలు ప్రచురించింది. నుదుటికి ఆనిస్తే చిన్న ఫ్లాష్, తిరిగొచ్చిన వెలుగులో పసుపు ఎంతో లెక్క. సూది లేదు, ఏడుపు లేదు. కానీ లైట్ కింద ఉన్న బిడ్డకి అది తక్కువ చూపిస్తుంది. అది చదివేది చర్మాన్నే కదా!

దీనికి దొరికిన ఉపాయం చూడండి. నుదుటి మీదో రొమ్ము ఎముక మీదో వెలుగు చొరబడని చిన్న పట్టీ అంటించి, లైట్ పెట్టి, కొలిచేటప్పుడు పట్టీ కింద చర్మాన్ని కొలుస్తారు. అక్కడి అంకె రక్తం అంకెకి దగ్గరగా వస్తుంది. అంటే సిస్టర్ వార్డ్ చూపించిన ముక్కోణమే! అప్పుడు దుప్పటి మూల పొరపాటున కప్పింది, ఇప్పుడు కావాలని కప్పుతున్నారు. అయినా లైట్ నడుస్తుండగా నిర్ణయాలకి రక్త పరీక్షే ఆధారం. లైట్ ఆపాక కూడా కనీసం 24 గంటలు గడిస్తేనే ఈ మీటర్ వాడొచ్చని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2022లో చెప్పింది.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మన ఇళ్ళల్లో ఒక మాట ఉంది: "పొద్దున్నే ఎండ చూపించండి, అదే తగ్గిపోతుంది." చాలామంది పిల్లలకి కామెర్లు వాటంతటవే తగ్గుతాయి, నిజమే. కానీ కొందరిలో బిలిరుబిన్ మెదడుకి చేరితే వినికిడి పోవచ్చు, జీవితాంతం కాళ్ళూ చేతులూ స్వాధీనంలో లేకపోవచ్చు. ఎండలో పెట్టిన పాప తెల్లబడిందని మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ తెల్లబడింది చర్మం మాత్రమే కావచ్చు. మన చామనచాయ పిల్లల్లో ఆ పసుపు కంటికి సరిగ్గా కనపడదు కూడా.

ఫోన్ చేతిలో ఉంది కదా, ఫొటో తీసి చూద్దాం అనుకోవచ్చు. 2014లో వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్ళు బిలీక్యామ్ చేశారు: పాప ఛాతీ మీద రంగుల కార్డు పెట్టి ఫొటో తీస్తే అంచనా చెప్తుంది. మంచి ఆలోచనే. కానీ కెమెరా చూసేది కూడా చర్మాన్నే. ఎండలోనో లైట్ కిందో ఉన్న బిడ్డ ఫొటో చూసి ధైర్యం తెచ్చుకోకండి. బిడ్డ పచ్చబడినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా వెంటనే డాక్టర్‌కి చూపించండి.

మా పాప రెండు రోజుల్లో లైట్ కింద నుంచి బయటికొచ్చింది. మడమ మీద చిన్న చుక్కలు కొన్నాళ్ళు ఉన్నాయి. అమ్మ వాటిని చూసినప్పుడల్లా "పాపం, బుజ్జితల్లి" అనేది. నేను మాత్రం ఆ చుక్కలకి మనసులో థ్యాంక్స్ చెప్పుకున్నాను.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో పసిబిడ్డ ఉంటే ఈ ముక్కోణం కథ వాళ్ళకి చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.