ఆడేవారి చేతిలో కథ

కంప్యూటర్ తెర మీద కథ నడవడం మొదలై యాభై ఏళ్లయింది. ఈ యాభై ఏళ్లలో వీడియో గేము అక్షరాల నుంచి బొమ్మలకు, బొమ్మల నుంచి నిజమనిపించే లోకాలకు ఎదిగింది. చాలామంది ఈ చరిత్రను బొమ్మల చరిత్రగానే చెబుతారు. నా దృష్టిలో అంతకంటే లోతైన ధార ఇంకొకటి ఉంది. కథలోని బరువైన ఘడియను ఆడేవారికి చూపించాలా, వారి చేతనే చేయించాలా అన్న ప్రశ్నకు తరం వెంట తరం ఇస్తూ వచ్చిన జవాబుల ధార అది.

ఆ ధారలో మొదట కనబడే మనిషి విల్ క్రౌథర్. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్ నిర్మాణంలో పనిచేసిన అమెరికన్ ప్రోగ్రామర్. తీరిక దొరికితే కెంటకీలోని మామత్ గుహల్లో తిరిగి పటాలు గీసేవాడు. విడాకుల తర్వాత, తనకు దూరమైన కూతుళ్ల కోసం 1975-76 ప్రాంతంలో ఆ గుహలనే మాటలతో కట్టి కంప్యూటర్‌లో పెట్టాడు. అందులో బొమ్మ ఒక్కటీ లేదు. ‘దీపం తీసుకో’ వంటి రెండు మాటల ఆదేశం టైపు చేస్తే, ఏం జరిగిందో కంప్యూటర్ వాక్యాల్లో చెబుతుంది. 1977లో స్టాన్‌ఫర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని పెంచి విస్తరించాడు. ఆ ఊపులోనే ఎంఐటీ కుర్రాళ్లు ‘జోర్క్’ రాశారు, 1979లో ఇన్ఫోకామ్ సంస్థను స్థాపించారు. ఆ సంస్థకే 1983లో స్టీవ్ మెరెట్జ్‌కీ ‘ప్లానెట్‌ఫాల్’ రాశాడు. నిర్జన గ్రహం మీద చిక్కుకున్న ఆటగాడికి ఫ్లాయిడ్ అనే రోబో తోడు దొరుకుతుంది. చిన్నపిల్లవాడిలా వెంట తిరుగుతుంది, ఆటలాడమని వేధిస్తుంది. చివరికి ప్రాణాంతకమైన ప్రయోగశాలలోకి మనకు బదులు తాను వెళ్తానంటుంది. ఆ గది తలుపు తెరవమని, దాన్ని లోపలికి పంపి మళ్లీ మూయమని ఆదేశం టైపు చేయాల్సింది ఆడేవారే. తిరిగి బయటపడిన ఫ్లాయిడ్ మన కళ్లముందే చనిపోతుంది. నవలలో ఆ మరణం చదివితే రోబో కోసం ఏడుస్తాం. ఇక్కడ ఆ తలుపు మూసిన చేయి మనది. ఈ ప్రక్రియకు మాత్రమే సాధ్యమైన దుఃఖం అంత తొలినాళ్లలోనే, బొమ్మ ఒక్కటీ లేకుండా పుట్టిందని నా అభిప్రాయం.

రెండేళ్లకు, 1985లో, రిచర్డ్ గారియట్ ‘అల్టిమా’ వరుసలో నాలుగో గేము తెచ్చాడు. అప్పటిదాకా ఇలాంటి గేముల్లో చాలావాటికి చివర ఒక రాక్షసుడు ఉండేవాడు. ఇందులో లేడు. నిజాయితీ, కరుణ, పరాక్రమం వంటి ఎనిమిది సద్గుణాలను నడతలో నిరూపించుకోవడమే కథ. అంగట్లో మూలికలమ్మే ఒక గుడ్డి స్త్రీ ఉంటుంది. ఆమెకు ఇవ్వాల్సిన డబ్బు తక్కువిచ్చి వచ్చేయవచ్చు, ఎవరూ అడగరు. గేము మాత్రం లోలోపల లెక్క రాసుకుంటుంది. చాలాసేపటి తర్వాత నిజాయితీ అనే గుణం దగ్గర దారి మూసుకుపోతుంది. మన వైకుంఠపాళి కూడా పాపపుణ్యాల కథనే పలక మీద పరిచింది. అయితే అక్కడ పాము నోట పడేది పందెం వల్ల, నిచ్చెన ఎక్కేదీ పందెం వల్లే. అది విధిని చెప్పే ఆట. గారియట్ ఆట కర్మను చెప్పింది.

ఇదే కాలంలో ఎదురు ప్రవాహం కూడా బలంగా వచ్చింది. 1983లో లేజర్ డిస్క్ మీద వచ్చిన ‘డ్రాగన్స్ లెయిర్’కు యానిమేషన్ ఉద్దండుడు డాన్ బ్లూత్ బొమ్మలు గీశాడు. చూడటానికి కన్నుల పండుగ. ఆడేవారికి మిగిలిన పని మాత్రం సమయానికి మీట తిప్పడమే. 1990ల్లో సీడీలు రాగానే నిజమైన నటులతో తీసిన వీడియో ముక్కలను గేముల్లో పేర్చే ఉత్సాహం పెరిగింది. యంత్రశక్తి పెరిగిన ప్రతిసారీ ఈ ప్రక్రియ సినిమా వైపు మొగ్గింది, ప్రతిసారీ ఎవరో ఒకరు దాన్ని మళ్లీ చేతి దగ్గరికి తీసుకొచ్చారు.

జపాన్‌లో స్క్వేర్ సంస్థ 1997లో తెచ్చిన ‘ఫైనల్ ఫాంటసీ 7’ ఈ రెండు ప్రవాహాలూ కలిసిన చోటు. అందులో ఏరిత్ అనే యువతి హత్య సినిమా దృశ్యంలాగే సాగుతుంది, మనం ఆపలేం. కానీ అప్పటిదాకా గంటల తరబడి ఆమెకు విద్యలు నేర్పించిందీ, ఆయుధాలు ఇచ్చిందీ, గాయపడినప్పుడు ఆమె వైద్యం మీద ఆధారపడిందీ మనమే. ఆ తర్వాత జట్టులో ఆమె స్థానం ఖాళీ. ప్రేక్షకుడికి అది ఒక పాత్ర మరణం. ఆడేవారికి దానితోపాటు పోగొట్టుకున్న శ్రమ, తెగిపోయిన అలవాటు కూడా. మరుసటి ఏడాది అమెరికాలో వాల్వ్ సంస్థ ‘హాఫ్ లైఫ్’తో ఇంకో అడుగు వేసింది. కథ కోసమని ఆటను ఆపి సినిమా వేయడాన్ని దాదాపు పూర్తిగా మానేసింది. ప్రయోగశాలలో ప్రమాదం జరుగుతున్నప్పుడు కూడా నడక, చూపు ఆటగాడి అధీనంలోనే ఉంటాయి. ఎటు చూడాలో చెప్పేవారుండరు, జరిగేది మన చుట్టూనే జరిగిపోతుంది.

కొత్త శతాబ్దంలో ఒక్క బటన్‌తో కావ్యం చెప్పవచ్చని చూపినవాడు ఫుమితో ఉయెదా. 2001లో వచ్చిన ‘ఇకో’లో కొమ్ములున్న కుర్రాడు, వేరే భాష మాట్లాడే అమ్మాయి ఒక కోట నుంచి తప్పించుకుంటారు. ఒకరి మాట ఒకరికి అర్థం కాదు. బటన్ నొక్కి పట్టుకున్నంతసేపే అతను ఆమె చేయి పట్టుకుంటాడు. వేలు వదిలితే చేయి వదిలినట్టే. 2004లో హిదేవో కొజిమా ‘మెటల్ గేర్ సాలిడ్ 3’ ముగింపులో ఇదే పద్ధతిని కఠినంగా వాడాడు. తెల్లపూల తోటలో ఓడిపోయి పడి ఉన్న గురువును చంపే బటన్ ఆటగాడే నొక్కాలి. నొక్కేదాకా కథ ముందుకు కదలదు.

2007 నాటికి ఈ కళ తనను తాను ప్రశ్నించుకునే వయసుకు వచ్చింది. కెన్ లెవిన్ ‘బయోషాక్’లో సముద్రగర్భ నగరంలో ఒక గొంతు మర్యాదగా అడిగిన పనులన్నీ చేసుకుంటూ పోతాం. ఆ మర్యాద మాటే మనల్ని బానిసను చేసిన మంత్రమని నడుమ తేలుతుంది. ఆదేశం రాగానే పాటించే మన ఆట అలవాటే అక్కడ కథావస్తువయింది. అదే ఏడాది క్లింట్ హాకింగ్ అనే రూపకర్త, ఆ గేములో కథ చెప్పేది ఒకటి, ఆట నేర్పేది మరొకటి అని విమర్శ రాశాడు. గొప్ప రచనను అంత నిక్కచ్చిగా తూచగలగడం ఈ రంగానికి విమర్శ సంప్రదాయం ఏర్పడిందనడానికి గుర్తు.

ఆ విమర్శకు చక్కని జవాబులు చిన్న బృందాల నుంచి వచ్చాయి. లూకస్ పోప్ ‘పేపర్స్, ప్లీజ్’ (2013)లో సరిహద్దు చౌకీ గుమాస్తాగా పాస్‌పోర్టులు తనిఖీ చేస్తాం. కాగితం సరిగా లేని తల్లిని వెనక్కి పంపాలా, జీతం కోత పడి ఇంట్లో పిల్లవాడు చలికి వణకాలా? అదే ఏడాది జోసెఫ్ ఫారెస్ ‘బ్రదర్స్’ వచ్చింది. కంట్రోలర్ ఎడమ వైపు అన్నను, కుడి వైపు తమ్ముణ్ణి నడుపుతుంది. అన్న చనిపోయాక ఎడమ చేయి ఊరికే ఉండిపోతుంది. నీళ్లంటే భయపడే తమ్ముడు ఒంటరిగా ఏరు దాటాల్సి వచ్చినప్పుడు, అన్నకు కేటాయించిన మీటనే నొక్కాలి. అప్పుడే ఈదుతాడు. ఆ సంగతి ఎవరూ చెప్పరు, చేతికే తడుతుంది. మరుసటి ఏడాది పోలండ్ నుంచి వచ్చిన ‘దిస్ వార్ ఆఫ్ మైన్’ యుద్ధాన్ని సైనికుడి వైపు నుంచి కాక, ముట్టడిలో ఆకలితో ఉన్న పౌరుల వైపు నుంచి చెప్పింది. ముసలి దంపతుల ఇంట్లో మందులు దొంగిలిస్తే, తెచ్చిన పాత్ర రోజుల తరబడి కుమిలిపోతుంది. 2020లో పోలండ్ ప్రభుత్వం ఈ గేమును బడి పిల్లల పఠన జాబితాలో చేర్చనున్నట్టు ప్రకటించింది.

మన దేశపు గొంతు ఈ ధారలో కాస్త ఆలస్యంగా కలిసింది. పుణె బృందం 2020లో ‘రాజి’ తెచ్చింది. టొరంటో నుంచి 2023లో వచ్చిన ‘వెన్బా’ కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబం కథ. పాడైపోయిన అమ్మ వంటల పుస్తకంలో చెరిగిన వాక్యాలను ఊహించి పూరిస్తూ, ఇడ్లీతో మొదలుపెట్టి వండాలి. దూరమైన భాష, దూరమైన ఊరు ఆ వంటలోంచే తిరిగి వస్తాయి. హైదరాబాద్‌లో ప్రపంచ స్థాయి గేములకు పనిచేసే తెలుగువారు ఇప్పుడు ఎందరో ఉన్నారు. వారిలో ఎవరో ఒకరు మనదైన కథ ఎత్తుకోవాలని నా ఆశ. నేతకు ముందు నూలును చేత్తో తిప్పి పోసే పనిని, అంటే ఆసు పోయడాన్నే తీసుకోండి. పోచంపల్లి నేతలో ఒక్క చీరకు చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం కనిపెట్టారు. 2019లో వచ్చిన ‘మల్లేశం’ సినిమా ఆ నొప్పిని మనకు చూపించింది. గేమైతే ముందు మన చేత ఆ ఆసు పోయించాలి, వేలు అలసి విసిగేదాకా. యంత్రం తిరిగే అధ్యాయం ఆ తర్వాతే రావాలి.