మావాడి స్టార్టర్, మా అమ్మ చేమిరి

పోయిన ఆదివారం మావాడు మ్యూనిక్ నుంచి వీడియో కాల్ చేసి ఒక గాజు కూజా చూపించాడు. అడుగున తెల్లగా మడ్డి, పైన నురగ. "అమ్మా, ఇది స్టార్టర్. లాగర్ బీరు కాయడానికి ఈస్ట్ పెంచుతున్నా" అన్నాడు సంబరంగా. పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా అమ్మ చేట పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఎందుకు వెళ్లిందో నాకు తెలుసు, వాడికి తెలీదు.

అక్కడ ఇంటి వాడకానికి బీరు కాచుకోవచ్చట. ఇక్కడ లైసెన్సు లేకుండా కాస్తే నేరం. అందుకని ఇది చేసి చూడమని రాయడం లేదు. వాడు చెబుతుంటే సగం వంటలాగా, సగం చరిత్ర పాఠంలాగా అనిపించింది, అంతే.

మనం రాగులు మొలకెత్తించి ఎండబెట్టి మాల్టు చేస్తామే, వాళ్లు బార్లీతో అలాగే చేస్తారు. ఆ మాల్టు సారం 100 గ్రాములు లీటరు నీళ్లలో మరిగించి, పూర్తిగా చల్లార్చి, అందులో ఈస్ట్ కలుపుతాడు. కూజాని అప్పుడప్పుడూ కదిలిస్తూ ఒకటి రెండు రోజులుంచితే ఈస్ట్ పెరుగుతుంది. తర్వాత ఫ్రిజ్‌లో పెడితే అడుక్కి దిగుతుంది. పై నీరు వంచేసి ఆ మడ్డినే బీరుకి తోడు వేస్తాడు. ప్యాకెట్టు నేరుగా వేస్తే చాలదా అంటే, 20 లీటర్ల లాగర్‌కి సుమారు 36,000 కోట్ల కణాలు కావాలన్నాడు. ప్యాకెట్టులో ఉండేది 10,000 కోట్లు. లాగర్ పదీ పన్నెండు డిగ్రీల చలిలో పులవాలి కాబట్టి ఈస్ట్ మందకొడిగా పనిచేస్తుంది, అందుకే మంద ఎక్కువ కావాలి. చలికాలంలో మనం ఇంకో అర చెంచా చేమిరి ఎక్కువ వెయ్యమూ? అదే లెక్క.

ఈ చలి గోల వెనక పెద్ద కథే ఉంది. బవేరియాలో 1516లో డ్యూకుగారి శాసనం ప్రకారం బీరులో బార్లీ, హాప్స్ పూలు, నీళ్లు తప్ప ఏమీ వేయకూడదు. ఈస్ట్ పేరే లేదు. అదొక జీవి అని అప్పటికి ఎవరికీ తెలీదు మరి! ఎండాకాలంలో బీరు పాడవుతోందని 1553లో ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 దాకా కాయడమే మానిపించారు. చలిలో కాచి చల్లటి సొరంగాల్లో దాచేవాళ్లు. లాగర్ అన్న పేరు ఆ దాచడం నుంచే వచ్చింది. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే ఒక్క కణం నుంచి శుద్ధమైన ఈస్ట్ పెంచాడు. కంపెనీ దాన్ని దాచుకోకుండా మిగతా వాళ్లకూ పంచింది. ఆ ఈస్ట్ రెండు జాతుల సంకరం. అందులో చలికి తట్టుకునే జాతి 2011లో ఎక్కడో పటగోనియా అడవుల్లో, చెట్ల బుడిపెల మీద దొరికింది.

నాకు అన్నిటికంటే నచ్చింది నార్వే పల్లెల సంగతి. అక్కడ ఈస్ట్‌ని చెక్క వలయాలకి పట్టించి, ఎండబెట్టి గోడకి తగిలించుకునేవాళ్లట. తమది చెడిపోతే పక్కింటి నుంచి అడిగి తెచ్చుకునేవాళ్లట. మా రాయలసీమలో చేమిరి అచ్చం ఇంతే. ఎవరింట్లోనూ దొరక్కపోతే గోరువెచ్చని పాలలో ఎండుమిరప తొడిమలు వేసేది మా అమ్మ. పెరుగు చేసేది బ్యాక్టీరియా, బీరు చేసేది ఈస్ట్. అవి వేరు. కానీ నిన్నటిది కొంచెం దాచి రేపటికి వాడడం ఒకటే.

ఇక అమ్మ లేచి వెళ్లిన సంగతి.

సున్నిపెంట డ్యామ్ కోసం పెరిగిన ఊరు. 1963లో నెహ్రూ శ్రీశైలం ప్రాజెక్టుకి శంకుస్థాపన చేశాక ఇంజనీర్లూ కూలీలూ ఇక్కడికి వచ్చి చేరారు. మా నాయన కాంక్రీటు పనికి వచ్చాడు. కొండ ఎండలో పగలంతా పని, సాయంత్రం సారా. బెల్లపు ఊటకి తుమ్మ చెక్క వేసి పులియబెట్టి కాచేవాళ్లని అమ్మ చెబుతుంది. అడవిలో ఇప్పపువ్వు సారా వేరే. తర్వాత వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారాయే ప్యాకెట్లలో గడప దాకా వచ్చింది. దాంతో ఇంట్లో కాచే శ్రమ కూడా తప్పింది మా నాయనకి. 1991లో పోయాడు. నలభై ఆరేళ్లు.

ఆ మరుసటి ఏడే నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. రాత్రి బడి వాచకంలో సీతమ్మ కథ చదివి కదిలిన వాళ్లు అందులో ఎందరో. ఆ నిప్పు జిల్లాలు దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం. 1997లో దాన్ని సడలించారు. అమ్మ పేపరు చదవలేదు కానీ ఈ తేదీలు మాత్రం అడగ్గానే చెబుతుంది. "రెండేళ్లు ముందొచ్చుంటే" అని ఒక్కసారే అంది నాతో.

కొడుకు మీద నాకు నమ్మకం ఉంది. అయినా ఆ నురగ చూడగానే గుండె ఒక్క క్షణం జారింది, అబద్ధం చెప్పను. వాడికి తాత ఫొటో తెలుసు, తాత రాత్రులు తెలీవు. చెప్పాలా, వద్దా? మూడు రోజులు ఆలోచించి బుధవారం ఫోన్ చేసి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అవ్వని పిలువు" అన్నాడు.

వాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను వినలేదు, వంటింట్లో ఉండిపోయాను. ఫోన్ తెచ్చిస్తూ అమ్మ అడిగింది.

"చేమిరి కొనుక్కున్నాడంటనే? పక్కింట్లో అడిగితే ఈరా?"

"అక్కడ పక్కింట్లో ఉండదమ్మా."

"తయారయ్యేకి ఎన్ని దినాలు?"

"రెండు నెలలట."

"మీ నాయన రెండు గంటలు ఆగేటోడు కాదు" అంది. తర్వాత గిన్నెలో కాస్త పెరుగు తీసుకుని, దీపాలు పెట్టకముందే ఇచ్చి రావాలంటూ పక్క క్వార్టర్‌కి వెళ్లింది.