కొడుకు రాసిన లొంగుబాటు షరతులు

అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలం, 1780 సెప్టెంబర్ 3. న్యూఫౌండ్‌లాండ్ తీరానికి దూరంగా ‘మెర్క్యురీ’ అనే చిన్న ఓడను బ్రిటిష్ యుద్ధనౌక తరుముకొచ్చింది. లోపల ఉన్నవాడు హెన్రీ లారెన్స్, తిరుగుబాటు చేసిన అమెరికా వలసల సభ ‘కాంటినెంటల్ కాంగ్రెస్’కు మాజీ అధ్యక్షుడు. అమెరికా కోసం అప్పు తేవడానికి హాలండ్ వెళ్తున్నాడు. పట్టుబడక తప్పదని తేలగానే కాగితాల సంచిని సముద్రంలో వేయించాడు. అది వెంటనే మునగలేదు. బ్రిటిష్ నావికులు పైకి లాగేశారు.

అక్టోబర్‌లో ఆయన్ని రాజద్రోహి అంటూ లండన్ టవర్‌లో పడేశారు. రెండు చిన్న గదులు. కీళ్లవాతంతో కాలు కదపలేని స్థితి. కలం, సిరా ఇవ్వలేదు. దొంగచాటుగా పెన్సిల్‌తో రాసుకున్నాడు. అన్నిటికన్నా దారుణం, గది అద్దె, తిండి ఖర్చు కూడా ఖైదీ మీదే వేశారు. కాపలావాళ్ల జీతం కింద 97 పౌండ్లు పైగా కట్టమంటే ససేమిరా అన్నాడు. తప్పు ఒప్పుకుంటే క్షమిస్తామన్నారు. దానికీ లొంగలేదు.

అక్కడ అమెరికాలో కొడుకు జాన్, జార్జ్ వాషింగ్టన్ సేనలో లెఫ్టినెంట్ కల్నల్. 1781 అక్టోబర్‌లో యార్క్‌టౌన్ దగ్గర బ్రిటిష్ సేనాని కారన్‌వాలీస్ ఓడిపోతే, లొంగుబాటు షరతులు ఖరారు చేసినవాళ్లలో జాన్ ఒకడు. తర్వాత మన దేశంలో శాశ్వత శిస్తు పద్ధతి తెచ్చిన గవర్నర్ జనరల్‌గా మనం చదువుకున్న కారన్‌వాలీస్ ఆయనే. అప్పట్లో లండన్ టవర్‌కు కానిస్టేబుల్ (కోటాధికారి) హోదా కూడా ఆయనదే. అంటే తండ్రిని బంధించిన కోట అధికారి, కొడుకు ఖరారు చేసిన షరతులకు తలవంచాడు! డిసెంబర్ 31న లారెన్స్ జామీను మీద బయటపడ్డాడు. తర్వాత ఆయనకు బదులుగా కారన్‌వాలీస్‌ను విడిచిపెట్టారు.

యుద్ధం దాదాపు ముగిసినట్టే అనుకుంటుండగా, 1782 ఆగస్టు 27న సౌత్ కరోలినాలోని కాంబహీ నది ఒడ్డున చిన్న ఘర్షణలో జాన్ నేలకూలాడు. వయసు 27. సైన్యంలో చేరే నల్లజాతి బానిసలకు స్వేచ్ఛ ఇవ్వాలని పట్టుబట్టినవాడు. సౌత్ కరోలినా శాసనసభ ఆ మాట చెవిన పెట్టలేదు.

కొడుకు మరణవార్త విన్న కొద్ది రోజులకే తండ్రి పారిస్ చేరి, నవంబర్ 30న ప్రాథమిక శాంతి ఒప్పందం మీద సంతకం చేశాడు. ఆయన ఓర్పుకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అయితే లారెన్స్ సంపదలో చాలా భాగం ఆఫ్రికన్లను అమ్మిన వ్యాపారంతో వచ్చిందే. వెనక్కి వెళ్లే బ్రిటిష్ సేనలు బానిసలను తీసుకుపోరాదన్న షరతు ఆ ఒప్పందంలో చివరి నిమిషంలో చేర్పించిందీ ఆయనే.