నేల కింది ఇనుము

మన సంఘం స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదక మిత్రులు అడిగారు. సోషల్ మాస్టారు చెప్పిన పానిపట్టు యుద్ధాలు దాటి నాకు తెలిసిన చరిత్ర తక్కువ. తెలిసిందల్లా సర్వే పని. ముప్ఫై ఏళ్ళకు పైగా అమెరికాలో పొలాలకూ ఇళ్ళ స్థలాలకూ హద్దులు వెతికే ఉద్యోగం చేశాను. అందుకని ఆ పనిలో రోజూ చేతిలో ఉండే ఒక పరికరం కథే రాస్తున్నాను. దాన్ని మాగ్నెటిక్ లొకేటర్ అంటారు. చూడటానికి మీటరు పొడవున్న పసుపురంగు చేతికర్ర. నేలలో ఇనుము ఉన్నచోట కూత పెడుతుంది. పోయిన సంక్రాంతికి దాన్ని మన బడికి కూడా తెచ్చాను. ఆ సంగతి చివర చెబుతాను.

ఏడో తరగతిలో సైన్సు మాస్టారు కడ్డీ అయస్కాంతాన్ని దారంతో వేలాడదీసి చూపించడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అది ఉత్తర దక్షిణాలుగా నిలబడేది. "సరిగ్గా నడిమికే దారం కట్టినా ఉత్తరపు కొస కాస్త కిందికి వంగుతుంది, చూడండి. ఎందుకో పెద్ద తరగతుల్లో చదువుకుంటారు" అన్నారాయన. పెద్ద తరగతుల్లో చదివాం, మార్కులు తెచ్చుకున్నాం, మరిచిపోయాం. నా తిండి మాత్రం ఆ వంపు మీదే నడిచింది.

ఆ వంపును శ్రద్ధగా కొలిచి 1581లో పుస్తకంగా అచ్చువేసినవాడు పండితుడు కాదు. లండన్‌లో దిక్సూచులు తయారుచేసి అమ్ముకునే రాబర్ట్ నార్మన్. సూదిని సమంగా తూచి అమర్చి, తర్వాత అయస్కాంతంతో రుద్దితే ఉత్తరపు కొస కిందికి వాలేది. దాన్ని సరిచేయడానికి ఆ కొసను కొంచెం కొంచెం కోసేవాడు. ఒకసారి కష్టపడి చేసిన సూదిని ఎక్కువ కోసి పాడుచేసుకున్నాడు. ఆ ఒళ్ళుమంటతోనే అసలు ఇదేమిటో తేల్చుకోవాలని కూర్చున్నాడు. సూదిని నిలువుగా తిరిగేలా అమర్చి, అది ఎన్ని డిగ్రీలు వాలుతుందో కొలిచాడు. భూమి అయస్కాంత బలరేఖలు నేలకు సమాంతరంగా ఉండవు, వాలుగా లోపలికి దిగుతాయి. దక్షిణ భారతం కొస దగ్గర అయస్కాంత భూమధ్యరేఖ వెళుతుంది కనుక అక్కడ సూది దాదాపు అడ్డంగా ఉంటుంది. 1963లో తుంబాను రాకెట్ ప్రయోగాలకు ఎంచుకోవడానికి కారణం ఆ రేఖే. మన జిల్లాల్లో సూది కొద్దిగా వంగుతుంది. అమెరికా ఉత్తరాన ఉన్న మిషిగన్‌లో 70 డిగ్రీలు దాటి దాదాపు నేలలోకి గుచ్చుకున్నట్టు నిలబడుతుంది.

ఇనుము దగ్గరికి వస్తే ఈ వంపు మారుతుంది. 17వ శతాబ్దంలోనే స్వీడన్ గనుల వాళ్ళు ఈ కిటుకు పట్టుకున్నారు. పక్కలకూ కిందికీ తిరగగల సూదిని డబ్బీలో పెట్టుకుని అడవుల్లో నడిచి, అది ఉన్నట్టుండి కిందికి లాగినచోట ఇనుప ఖనిజం కోసం తవ్వేవారు.

ఇక్కడినుంచి కథ సర్వేయర్ల చేతికి వస్తుంది. 1785 నుంచి అమెరికా ప్రభుత్వం తన కొత్త భూములను ఆరు మైళ్ళ చదరాలుగా, ఒక్కో చదరాన్ని 640 ఎకరాల 36 ముక్కలుగా కొలిపించి అమ్మింది. 1844 సెప్టెంబరు 19న విలియం ఆస్టిన్ బర్ట్ అనే సర్వేయర్ మిషిగన్‌లో, ఇప్పటి నెగానీ పట్టణం దగ్గర గీత కొలుస్తుండగా దిక్సూచి సూది ఉత్తరం వదిలేసి ఇష్టం వచ్చినట్టు తిరగసాగింది. సూదిని నమ్ముకున్న మరొకడైతే దారి తప్పేవాడు. బర్ట్ దగ్గర తాను కనిపెట్టిన సూర్య దిక్సూచి ఉంది. సూర్యుణ్ణి బట్టి దిక్కు చూపే ఆ పరికరంతో తన గీత తప్పలేదని తెలుసుకుని, తప్పు సూదిది అయితే కారణం నేలలో ఉండాలని చుట్టుపక్కల వెతికించాడు. ఖనిజం పైకే తేలి ఉంది. మార్క్వెట్ ఇనుప గనులు అలా బయటపడ్డాయి.

అయితే బర్ట్ లాంటివాళ్ళు మూలల్లో పాతినవి చాలాచోట్ల కర్ర మేకులు. అవి పుచ్చిపోయాయి, కాలిపోయాయి, దున్నకాల్లో లేచిపోయాయి. ఒక తరం గడిచాక కొత్త సర్వేయర్లు మంచి గొలుసులతో వచ్చి, పాత కొలత తప్పని కొత్తచోట మేకులు కొట్టడం మొదలుపెట్టారు. కంచెలు జరిగాయి, కోర్టులు నిండాయి. ఆ వ్యాజ్యాలు విన్న మిషిగన్ సుప్రీంకోర్టు న్యాయమూర్తి థామస్ కూలీ 1881లో సర్వేయర్ల బాధ్యత మీద ఒక వ్యాసం రాశారు. ఇప్పటికీ అమెరికాలో ఈ వృత్తిలోకి వచ్చే ప్రతివాడూ అది చదువుతాడు. ఆయన చెప్పింది నా మాటల్లో ఇది: మేకు ఎక్కడ ఉండాల్సిందో లెక్కగట్టడం నీ పని కాదు, అది నిజంగా ఎక్కడ ఉండేదో కనుక్కోవడం నీ పని. జనం ఆ మేకును నమ్ముకుని ఇల్లు కట్టుకున్నారు, తోట వేసుకున్నారు. మొదటి కొలతలో తప్పున్నా సరే, మొదటి మేకే హద్దు.

ఇది ఒప్పుకోవడం లెక్కలు వచ్చినవాడికి చాలా కష్టం. నాకైతే మరీ కష్టమైంది. చేరిన రెండో ఏడు ఒక మూలలో పిన్ను దొరకలేదని, దస్తావేజు కొలతల ప్రకారం లెక్కగట్టి కొత్త ఇనుప పిన్ను కొట్టేశాను. మా బృందం పెద్ద వచ్చి చూసి ఏమీ అనలేదు. లొకేటర్ నా చేతికిచ్చి, తాను బండిలో కూర్చుని పత్రిక చదువుకున్నాడు. గంటన్నర తర్వాత, నా పిన్నుకు నాలుగడుగుల అవతల, ఒక చెట్టు వేరు కింద రెండడుగుల లోతున పాత ఇనుప గొట్టం దొరికింది. పక్కింటి ముసలమ్మ కారు షెడ్డు ఆ నాలుగడుగుల్లోనే ఉంది. నా పిన్ను నేనే పీకేశాను.

20వ శతాబ్దంలో కర్ర బదులు ఇనుప గొట్టాలూ కడ్డీలూ పాతడం మామూలైంది. వాటిని వెతకడానికి మొదట వాడింది నార్మన్ సూది వారసురాలే. గాజు డబ్బీలో నిలువుగా తిరిగే సూది. పనిచేసేది కాని, అడుగడుగునా ఆగి సూది స్థిరపడేదాకా ఊపిరి బిగబట్టాలి. నేటి కర్ర మాత్రం యుద్ధం ఇచ్చింది. 1930, 40లలో ఫ్లక్స్‌గేట్ అనే సాధనం రూపుదిద్దుకుంది. తేలిగ్గా అయస్కాంతీకరణ చెందే లోహపు తీగ చుట్టూ చుట్ట చుట్టి, అటూ ఇటూ మారే కరెంటు పంపి, బయటి అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే చిన్న అసమతూకాన్ని పట్టుకుంటుంది. జర్మనీలోనూ ఈ దారిలో పని జరిగింది. అమెరికాలో గల్ఫ్ చమురు కంపెనీ పరిశోధనశాలలో దీన్ని తీర్చిదిద్దినవాడు రష్యాలో పుట్టిన విక్టర్ వాకియర్. దాన్ని విమానాలకు అమర్చి సముద్రంలో మునిగిన జలాంతర్గాములను వెతికారు. 1944 ఫిబ్రవరి 24న జిబ్రాల్టర్ దగ్గర యూ-761 అనే జర్మన్ జలాంతర్గామి అలా దొరికి మునిగిపోయింది. అదే వాకియర్ యుద్ధం తర్వాత సముద్రగర్భపు అయస్కాంత పటాలు గీసి, ఖండాలు కదులుతున్నాయనే వాదానికి బలమిచ్చాడు. అది వేరే వ్యాసం.

యుద్ధానంతరం నౌకాదళ ప్రయోగశాల అనుభవంతో ఎరిక్ షాన్‌స్టెడ్ 1953లో సొంత కంపెనీ పెట్టాడు. సర్వేయర్ల చేతికర్ర ఆ ఇంటి నుంచి వచ్చిందే. అది కావడిలాంటిది. కర్రలో పైనొకటి, కిందొకటి, సుమారు అర మీటరు దూరంలో రెండు ఫ్లక్స్‌గేట్‌లు ఉంటాయి. భూమి క్షేత్రం రెండు కుండల్లోనూ సమానంగా పడుతుంది కనుక కావడి తూగుతుంది, సన్నని గురగుర తప్ప మరో చప్పుడు రాదు. కింద ఇనుము ఉంటే కింది కుండ బరువెక్కుతుంది. ఆ తేడాయే కూతగా మారి, దగ్గరయ్యేకొద్దీ గొంతు పెంచుతుంది. నిలువుగా పాతిన కడ్డీ అయితే దాని తల మీద ఒకే చోట గట్టిగా అరుస్తుంది. పడుకున్న గొట్టం అయితే రెండు కొసల్లో అరిచి మధ్యలో ఊరుకుంటుంది. ఇత్తడి, రాగి, అల్యూమినియం, బంగారం దానికి లెక్కలేదు. లంకెబిందెలు దొరుకుతాయా అని మా ఊళ్ళో ఇద్దరు చాటుగా అడిగారు. బిందెకు ఇనుప గొలుసు కట్టి ఉంటేనే, అన్నాను.

లావోస్‌లో 1964, 1973 మధ్య 20 లక్షల టన్నులకు పైగా బాంబులు పడ్డాయి, పేలనివి ఇంకా పొలాల్లో ఉన్నాయి. అలాంటి నేలల్లో లోతుగా దిగిన ఉక్కు బాంబులను వెతకడానికీ ఈ జాతి పరికరాలే పనికొస్తున్నాయి. అక్కడ కూత వినేవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో నేను ఊహించలేను. నాకు తప్పు కూత వస్తే పోయేది పది నిమిషాల తవ్వకం.

ఇక ఈ పరికరం పరిమితి. ఇనుము ఉందని చెబుతుంది, ఎవరు పాతారో చెప్పదు. ఒకే మూలలో మూడు నాలుగు పిన్నులు దొరకడం మాకు మామూలే. ఒక్కో సర్వేయర్ ముందువాడిది తప్పని అంగుళాల తేడాతో కొట్టినవి. వాటిని గుండుసూదుల దిండు అని నవ్వుకుంటాం. కూలీ మాట వినని వాళ్ళు నేటికీ ఉన్నారని ఆ దిండే సాక్ష్యం.

మన ప్రాంతంలో హద్దుకు రాయి పాతుతారు కనుక ఈ కర్రకు ఇక్కడ పెద్దగా పని ఉండదనుకునేవాణ్ణి. కాని మన సంఘం పుట్టిన కొత్తలో, యాభై ఏళ్ళ క్రితం, చందాలు వేసుకుని బడి తూర్పు పక్కన ఇనుప యాంగిళ్ళతో ముళ్ళకంచె వేయించింది కదా. తర్వాత ఎప్పుడో ఆ యాంగిళ్ళను నేలమట్టానికి కోసేశారు. ఇప్పుడు స్వర్ణోత్సవ తరగతి గదులు ఆ పక్కనే కట్టాలి. పక్క స్థలం వారు హద్దు ఎనిమిదడుగులు లోపలికి ఉందంటున్నారు. వారూ మన బడిలో చదివినవారే, కాగితాలు చూసుకునే కొన్నారు. మాట పెరుగుతోందని విని నేను కర్ర తెచ్చాను.

మొదటి రోజంతా చెత్త. కూల్‌డ్రింకు మూతలు, ఎద్దు నాడాలు, ఒక జామెట్రీ బాక్సు మూత. రెండో రోజు పొద్దున వేపచెట్టు పక్కన నిలువు ఇనుము కూత వినిపించింది. అడుగున్నర కింద కాంక్రీటు ముద్దలో కోసిన యాంగిల్ మొదలు. అక్కడినుంచి దారం లాగి వెతికితే సాయంత్రానికి తొమ్మిది దొరికాయి, అన్నీ ఒకే గీతలో. నాలుగో గుంత తవ్వడానికి గునపం పట్టింది పక్క స్థలం వారే. ఆ ముద్ద మీద తడిగా ఉన్నప్పుడు ఎవరో పుల్లతో గీసిన '6 బి' కనిపించింది. ఆ కాంక్రీటుకు చెరువు నుంచి నీళ్ళు మోసింది మా సెక్షనే. గీసింది ఎవరో ఒప్పుకుంటే బాగుండును.

కంచె గీత హద్దుకు ఆధారమే కాని హద్దు కాదని ఇద్దరికీ చెప్పాను. తేల్చాల్సింది మండల సర్వేయర్ గారు, పాత రికార్డుతో సరిచూసి. ఆయన వచ్చి తొమ్మిదింటినీ కొలుచుకుని వెళ్ళారు. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి నివేదిక రాలేదు. అందుకే గుంతలు పూడ్చలేదు. పిల్లలు పడకుండా హెడ్మాస్టరు గారు చుట్టూ తాడు కట్టించారు.